పాత జెద్దా ఇళ్ల చెక్క రోషన్లు: పరదా కోసమా, గాలి కోసమా?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "జెద్దాలో ఉద్యోగం చేస్తున్నాను. పాత ఊరైన బలద్ వైపు వెళ్లినప్పుడు పాత ఇళ్ల గోడలకు పెద్ద పెద్ద చెక్క పెట్టెల్లాంటి జాలీ కిటికీలు చూశాను. ఆడవాళ్లు బయటికి కనబడకూడదని కట్టారని ఒకరు, ఏసీలు లేని రోజుల్లో చల్లదనం కోసమని ఇంకొకరు చెప్పారు. ఏది నిజం? ఒక్క మేకు కూడా వాడరంటారు, అదీ నిజమేనా? అనంతపురంలో మా ఇల్లు కడుతున్నాం, పడమటి బాల్కనీకి అలాంటిది పెట్టించాలని ఉంది. సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే కోత మెషీన్) వాళ్లు ఎండీఎఫ్ (కర్ర నారను అదిమి చేసే బోర్డు) మీద అదే డిజైన్ కోసిస్తామంటున్నారు. పనిచేస్తుందా?"

ముందు సూటిగా చెప్పేస్తాను. పరదా ఒక కారణం, అబద్ధం కాదు. కానీ దాని ఒక్కదానికే అయితే గోడ కట్టి ఊరుకునేవాళ్లు, లేదా గుడ్డ వేలాడదీసేవాళ్లు. ఇంత కర్ర, ఇంత పని ఎవరూ పెట్టరు. ఎండ రాకూడదు, గాలి రావాలి, లోపలివాళ్లకు వీధి కనబడాలి, వీధికి లోపలివాళ్లు కనబడకూడదు. ఈ నాలుగూ ఒకే కిటికీతో సాధించడానికి పుట్టిన వస్తువు అది. చల్లదనం నిజమే గానీ ఏసీ చల్లదనం కాదు. మేకుల సంగతి జాలీ వరకు నిజం, పెట్టె మొత్తానికి కాదు. ఇక ఎండీఎఫ్ అయితే వద్దే వద్దు. సీఎన్‌సీ రేకు కూడా మీరు ఆశించే పని చేయదు, ఎందుకో చివర లెక్కతో సహా చెప్తాను.

నేను చెక్కపని వాణ్ణి. ఇంట్లో ద్వారబంధాలు, మంచాలు చేసే పనిలోనే పెరిగాను. తర్వాత గల్ఫ్‌లో జాయినరీ వర్క్‌షాపుల్లో చాలా ఏళ్లు చేశాను, అందులో పాత రోషన్ల మరమ్మతు కూడా ఉంది. కైరో మేస్త్రీలతో కలిసి పనిచేశాను కాబట్టి వాళ్ల పద్ధతి కూడా దగ్గరగా చూశాను. కింద రాసేదంతా ఆ అనుభవం మీదే.

పేర్ల విషయం ఒక్క ముక్కలో. కైరోలో మష్రబియా అంటారు, జెద్దాలో రోషన్ అంటారు (బహువచనం రవాషీన్), ఇరాక్‌లో బాగ్దాద్, బస్రా ఇళ్లకు ఉండేవాటిని షనాషీల్ అంటారు. ఒకే కుటుంబం, కానీ పని తీరులో కైరోకీ జెద్దాకీ చాలా తేడా ఉంది. దాన్ని అర్థం చేసుకోకుండా "అరబ్బు జాలీ" అని ఒకే గాటన కట్టడం వల్లే మన దగ్గర చేయించుకున్నవాళ్లు డబ్బు పోగొట్టుకుంటున్నారు.

చూపు సంగతి. పగలు వీధిలో వెలుతురు ఎక్కువ, గదిలో తక్కువ. జాలీకి దగ్గరగా లోపల కూర్చున్నవాళ్లకు వీధి అంతా కనబడుతుంది, వీధిలో ఉన్నవాళ్లకు నల్లటి బెజ్జాలు తప్ప ఏమీ కనబడవు. వెలుతురు తేడాతో జరిగే పని అంతే, డిజైన్‌లో మాయ ఏమీ లేదు. అందుకే రాత్రి గదిలో లైటు వేయగానే అంతా తిరగబడుతుంది, వీధిలోవాళ్లకు మీరు కనబడతారు. పాత ఇళ్లలో దీపాలు చిన్నవి, పైగా లోపలి వైపు మూసుకునే తలుపులో తెరలో ఉండేవి. ఇప్పుడు ఎల్‌ఈడీ లైట్లు పెట్టుకుని "జాలీ ఉంది కదా" అని కర్టెన్ తీసేసినవాళ్లు ఉన్నారు, వాళ్లకు ఎదురింటివాళ్లు చెప్పేదాకా తెలియదు.

ఇందులోనే ఇంకో సూక్ష్మం ఉంది. చదునుగా కోసిన పట్టీల మధ్య నుంచి ఎండలోకి చూస్తే తెలుపు-నలుపు తేడా కళ్లకు గుచ్చుకుంటుంది. అదే తరిణె (లేత్) మీద గుండ్రంగా తీసిన ముక్కలైతే వాటి ఒంపు మీద వెలుతురు మెల్లగా తగ్గుతూ వస్తుంది, అంచు దగ్గర ఆ కొట్టొచ్చే గీత ఉండదు, కళ్లు అలసిపోవు. ఈజిప్టు ఆర్కిటెక్ట్ హసన్ ఫత్హీ (1900-1989) దీన్ని బాగా వివరించాడు. మష్రబియా చేసే పనులు ఐదని ఆయన లెక్క: వెలుతురును అదుపు చేయడం, గాలిని అదుపు చేయడం, ఆ గాలిని చల్లబరచడం, దానికి కొంచెం తేమ ఇవ్వడం, మరుగు ఇవ్వడం. చూడండి, పరదా ఆ ఐదింట్లో ఒకటి.

కింద దట్టంగా, పైన పలచగా అల్లడం కూడా గమనించాలి. కూర్చున్న మనిషి కళ్ల ఎత్తు వరకు ముక్కలు దగ్గర దగ్గరగా ఉంటాయి, అక్కడే మరుగూ కావాలి, కళ్లకు తగిలే వెలుతురూ తగ్గాలి. అలా దట్టం చేస్తే గాలి తగ్గుతుంది కదా, ఆ లోటు పైభాగంలో పెద్ద పెద్ద ఖాళీలతో పూడుస్తారు. మన దగ్గర చేసే జాలీలు కింద నుంచి పై దాకా ఒకటే డిజైన్‌తో ఉంటాయి, ఎందుకంటే కంప్యూటర్‌లో కాపీ-పేస్ట్ సులువు.

గాలి సంగతి. పెట్టె గోడలోంచి బయటికి ఎందుకు పొడుచుకొచ్చింది అని ఎప్పుడైనా ఆలోచించారా? పాత బలద్‌లో సందులు ఇరుకు. గాలి సందు పొడవునా, గోడలకు సమాంతరంగా పోతుంది. గోడలో చదునుగా ఉన్న కిటికీని ఆ గాలి రాసుకుంటూ వెళ్లిపోతుంది, లోపలికి రాదు. పెట్టె బయటికి వస్తే దాని పక్క ముఖాలు గాలికి ఎదురుగా నిలబడతాయి, లోపలికి మళ్లిస్తాయి. జెద్దాకు గాలి ఎక్కువగా వాయవ్యం నుంచి, సముద్రం మీది నుంచి వస్తుంది. అందుకని డబ్బున్న వర్తకుల ఇళ్లకు ఆ వైపు తిరిగిన ముఖాల మీద రోషన్లు అంతస్తు మీద అంతస్తుగా వరసపెట్టి ఉంటాయి. పెట్టె అడుగు కూర్చునే ఎత్తులో ఉంటుంది, దానిలో పరుపులు, దిండ్లు వేసుకుని కూర్చునేవాళ్లు, పడుకునేవాళ్లు. మగవాళ్లు కూడా. "ఆడవాళ్ల జైలు" అని రాసేవాళ్లకు ఈ సంగతి ఎవరైనా చెప్తే బాగుండు.

చల్లదనం సంగతి కొంచెం జాగ్రత్తగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే అతిశయోక్తులు ఎక్కువ. కైరోలో మష్రబియాలో మట్టి కూజాలు పెట్టేవాళ్లు. కూజా ఒళ్లంతా చెమర్చి ఆ నీరు ఆవిరవుతూ కూజాలో నీళ్లనూ, దాన్ని తాకి లోపలికి వచ్చే గాలినీ చల్లబరుస్తుంది. కైరో గాలి పొడి కాబట్టి ఇది పనిచేసింది. జెద్దాలో వేసవిలో గాలి ఎంత తేమగా ఉంటుందో మీకే తెలుసు, చొక్కా మీది చెమటే ఆరదు, కూజా ఏం ఆరుతుంది? అక్కడ ఆధారం రెండే: నీడ, గాలి కదలిక. ఇంకా ఆ ఇళ్లు ఎత్తుగా ఉంటాయి, మధ్యలో మెట్ల గది వేడిగాలిని పైకి లాగుతుంది, రోషన్లలోంచి కొత్త గాలి వస్తుంది. రోషన్ ఒక్కటే ఏమీ చేయదు, ఇల్లంతా కలిసి చేస్తుంది.

కర్ర రాత్రిపూట గాలిలోని తేమను పీల్చి పగలు వదులుతుంది, అలా కూడా చల్లబడుతుంది అని ఫత్హీ రాశాడు. సూత్రం సరైనదే. కానీ సన్నటి ముక్కల జాలీలో పట్టే తేమ ఎంతని? దాన్ని నమ్ముకుని ఎవరూ డబ్బు ఖర్చు పెట్టొద్దని నా అభిప్రాయం. నీడ, గాలి సరిగ్గా చూసుకుంటే చాలు.

ఇప్పుడు మేకుల సంగతి. కైరో పద్ధతిలో జాలీ అంటే చెక్కను చెక్కి బెజ్జాలు వేసింది కాదు. చిన్న చిన్న ముక్కలను తరిణె మీద గుండ్రంగా తీసి, కొన్నిటికి చివర్లలో కుసి (బెజ్జంలో దిగే మొన) ఉంచి, కొన్నిటికి గుండులా చేసి బెజ్జాలు వేసి, ఒకదానిలో ఒకటి దిగేస్తారు. జిగురు లేదు, మేకు లేదు. చుట్టూ ఉన్న ఫ్రేము బిగించి పట్టుకున్నంతసేపు లోపలివన్నీ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, పట్టెలు గట్టిగా ఉన్నంతకాలం నులక మంచం నిలబడినట్టు. ఒక చిన్న పలకకే ముక్కలు వందల్లో పడతాయి. పాతకాలపు కైరో తరిణె చూడాలి: మేస్త్రీ నేల మీద కూర్చుని, కుడిచేత్తో విల్లు ముందుకీ వెనక్కీ లాగుతూ కర్రను తిప్పుతాడు, ఎడమచేత్తో ఉలి పడతాడు, ఉలి కదలకుండా కాలివేళ్లతో ఆనిస్తాడు. ఇప్పుడు మోటారు లేత్‌లు వచ్చాయి గానీ, కుసి ఎంత బిగువుగా ఉండాలన్నది ఇప్పటికీ చేతికే తెలియాలి. బిగువు ఎక్కువైతే గుండు పగులుతుంది, తక్కువైతే ఏడాది తిరిగేసరికి జాలీ గలగలమంటుంది.

ఎందుకు ఇంత చిన్న ముక్కలు? రెండు కారణాలు. ఒకటి, ఈజిప్టులో మంచి కలప లేదు. పెద్ద దూలాలు సముద్రం దాటి రావాలి, కాబట్టి తుంట కూడా పారేయరు. రెండోది అసలైన కారణం: కర్ర పొడవునా పెద్దగా పెరగదు, తరగదు. అడ్డంగా మాత్రం తేమకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. ఆ ఎండలో వెడల్పాటి పలక పెడితే వంకర పోతుంది, చీలుతుంది. వందల ముక్కలైతే ఒక్కొక్కటీ వెంట్రుకవాసి కదులుతుంది, ఆ కదలికను కుసి-బెజ్జం సర్దుకుంటుంది, పలక మొత్తం నిటారుగానే ఉంటుంది. జిగురు వేస్తే ఈ వెసులుబాటు పోతుంది. కాబట్టి "మేకు లేకపోవడం" ప్రదర్శన కోసం చేసిన విన్యాసం కాదు, అవసరం. పైగా ఒక ముక్క విరిగితే ఫ్రేము విప్పి అదొక్కటే మార్చొచ్చు.

అయితే ఆ పెట్టె గోడకు వేలాడటానికి బ్రాకెట్లు, దూలాలు, బిగింపులు ఉంటాయి, అక్కడ ఇనుము లేదని ఎవరైనా అంటే నమ్మకండి.

జెద్దా రోషన్ ఇంకోలా ఉంటుంది. దానిలో తరిణె పని తక్కువ, పలకల పని ఎక్కువ: సన్నటి అడ్డపట్టీలు, వాలుగా కూర్చిన పలకలు, పైకీ కిందికీ జరిపే రెక్కలు, కింది భాగంలో చెక్కిన ప్యానెళ్లు, పైన కిరీటంలాంటి అలంకారం. కర్ర ఎక్కువగా టేకు, ఇండియా నుంచి, జావా నుంచి ఓడల్లో వచ్చేది. హజ్ యాత్రికులు, సరుకులు వచ్చిన దారిలోనే కలపా వచ్చింది. 1869లో సూయజ్ కాలువ తెరిచాక ఎర్రసముద్రం రేవులకు కాసులు కురిశాయి, ఇప్పుడు మీరు చూస్తున్న ఎత్తైన రోషన్ ఇళ్లు చాలావరకు 19వ శతాబ్దం రెండో సగంలో వర్తకులు కట్టించుకున్నవి. గోడలు పగడపు రాయితో కట్టారు, అది మెత్తన. అందుకని మధ్యమధ్యలో అడ్డంగా కర్ర దూలాలు పెట్టి గోడను కట్టేశారు. అంటే ఆ ఇంట్లో కర్ర సోకు కోసం పెట్టింది కాదు, గోడ నిలబడటానికే కావాలి.

బలద్‌లో నసీఫ్ ఇల్లు చూసే ఉంటారు, 1872-1881 మధ్య కట్టింది. దాని ముందున్న చెట్టు మన వేపచెట్టే. ఒకప్పుడు జెద్దా అంతటికీ చెట్టంటే అదే అని, "చెట్టున్న ఇల్లు" అని గుర్తు చెప్పేవారట. 1925లో జెద్దా లొంగిపోయాక అబ్దుల్ అజీజ్ రాజు వచ్చి దిగింది కూడా ఆ ఇంట్లోనే.

మన టేకు అరబ్బు దేశాలకు పోవడం రోషన్ల కంటే చాలా పాత కథ, ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. ట్యునీషియాలోని కైరవాన్ మసీదులో 9వ శతాబ్దపు చెక్క మింబర్ ఉంది, అంటే ఇమాం నిలబడి ప్రసంగించే మెట్ల పీఠం. ఇప్పటికీ నిలిచి ఉన్న మింబర్లలో అదే అత్యంత పాతది. మూడు వందలకు పైగా చెక్కిన ముక్కలు, కర్ర టేకు, ఇండియా నుంచి తెప్పించిందని చెప్తారు. పదకొండు వందల ఏళ్లు దాటినా చాలావరకు నిలిచి ఉందంటే టేకు చేవ ఏపాటిదో చూడండి. దాని జాలీ ప్యానెళ్ల ఫోటోలు వెతికి చూడండి, ఎన్నో రకాల డిజైన్లు కనిపిస్తాయి.

పరదా విషయానికి మళ్లీ వస్తాను, ఎందుకంటే దాన్ని పూర్తిగా కొట్టేయడం కూడా తప్పే. కైరోలో బైత్ అల్ సుహైమీ అని ఒక ఇల్లుంది, 1648లో మొదలుపెట్టి 1796లో పెంచారు. అక్కడ మష్రబియాలు వీధివైపే కాదు, లోపలి ముంగిలి వైపు కూడా ఉన్నాయి. ఇబ్న్ తులూన్ మసీదు పక్కన గేయర్-ఆండర్సన్ మ్యూజియం ఉంది, రెండు పాత ఇళ్లు కలిపినది. దానిలో మగవాళ్లు అతిథులను కూర్చోబెట్టే పెద్ద హాలుకు పైన జాలీల వెనక ఆడవాళ్ల వసారా ఉంది. కింద జరిగే సభ, సంగీతం అన్నీ వాళ్లు చూస్తారు, వాళ్లను ఎవరూ చూడరు. కాబట్టి ఆడ-మగ విభజన ఆ ఇళ్ల ప్లానులోనే ఉంది, మష్రబియా దానికి పనికొచ్చింది. కానీ ఇదే జాలీ పని కైరో కాప్టిక్ (ఈజిప్టు క్రైస్తవుల) చర్చిల్లో ఉంది, మసీదుల్లో అడ్డుతెరలుగా ఉంది, కుర్చీల్లో, బల్లల్లో ఉంది. చర్చిలో పెట్టిన జాలీకి పరదాతో ఏం సంబంధం? ఒకసారి ఆ పనితనం పుట్టాక దాన్ని ఎక్కడ వీలైతే అక్కడ వాడుకున్నారు.

ఎలా పోయాయంటే, గాజు కిటికీల ఫ్యాషన్, అగ్నిప్రమాదాల భయం, కాంక్రీటు, చివరికి ఏసీ. జెద్దాలో 1947లో ఊరి గోడ పడగొట్టాక, నూనె డబ్బు వచ్చాక, సొంతదారులు కొత్త విల్లాలకు వెళ్లిపోయారు. పాత ఇళ్లలోకి అద్దెకు వచ్చింది మనలాంటి కూలి బతుకులవాళ్లే. యునెస్కో 2014లో పాత జెద్దాను ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టింది. 2019లో 56 పాత భవనాల మరమ్మతుకు 5 కోట్ల రియాళ్లు కేటాయించారు. ఇప్పుడు పని జోరుగానే సాగుతోంది.

మరమ్మతులో నేను చూసింది చెప్తాను. రోషన్ చెడిపోయేది ఎండకు కాదు. పైభాగం టేకు మీద రంగు మీద రంగు, పొరలు పొరలుగా ఉంటుంది. గీకితే లోపల కర్ర కొత్తదానిలా ఉంటుంది. పాడయ్యేది కిందిపట్టె. ఎందుకంటే ఎవరో అద్దెకున్నవాళ్లు రోషన్‌లో ముక్క కోసి విండో ఏసీ దూర్చి ఉంటారు, దాని నీళ్లు ఏళ్ల తరబడి కిందిపట్టె మీదే కారి ఉంటాయి. అక్కడ చెయ్యి పెడితే కర్ర పిండిలా రాలుతుంది. చల్లదనం కోసం కట్టినదాన్ని చల్లదనం కోసం పెట్టిన మెషీనే తినేసింది. జరిపే రెక్కలు ఇరుక్కుపోవడానికి కారణం కూడా గాడిలో పేరుకున్న రంగే, ఓపిగ్గా గీకి, కాస్త మైనం రాస్తే మళ్లీ జరుగుతాయి. హడావుడిగా సుత్తి తీసుకునేవాణ్ణి ఆ పనికి పెట్టకూడదు.

ఇక మీ అనంతపురం బాల్కనీ.

పడమటి ఎండ కష్టం ఏమిటంటే అది పైనుంచి కాదు, ఎదురుగా వస్తుంది. సాయంత్రం నాలుగు దాటాక సూర్యుడు 30 డిగ్రీల ఎత్తుకూ అంతకన్నా కిందికీ దిగుతాడు. ఇప్పుడు సీఎన్‌సీ రేకు చూద్దాం. మామూలుగా 18 మి.మీ. మందం, బెజ్జం సుమారు 40 మి.మీ. అనుకుందాం. 30 డిగ్రీల ఎండకు ఆ మందం కేవలం 10 మి.మీ. పైచిలుకు నీడ ఇస్తుంది, అంటే ప్రతి బెజ్జంలో ముప్పావు భాగం ఎండ నేరుగా లోపలికి వస్తుంది. పూర్తిగా ఆగాలంటే సూర్యుడు 65 డిగ్రీల పైన ఉండాలి, అప్పుడు పడమటి బాల్కనీకి ఎండ బాధే ఉండదు. అదే బెజ్జం 20, మందం 40 చేస్తే 27 డిగ్రీల దాకా ఆపుతుంది. చల్లదనం ఇచ్చేది డిజైన్ కాదు, బెజ్జానికీ మందానికీ ఉన్న నిష్పత్తి. పాత మేస్త్రీలు డిగ్రీల లెక్క వేయలేదు, కానీ వాళ్ల ముక్కలు ఎప్పుడూ లావుగానే ఉండేవి. సీఎన్‌సీ రేకు నీడ నేల మీద పువ్వుల్లా పడుతుంది, ఫోటోకి బాగుంటుంది, గది మాత్రం అలాగే కాలుతుంది.

ఎండీఎఫ్ బయట పెట్టకూడదు. కోసిన ప్రతి అంచూ నీళ్లు తాగే నోరే, జాలీ అంటే అన్నీ అంచులే. నెల్లూరులో ఒకరింటికి వేరేవాళ్లు చేసి పెట్టినది చూడమంటే వెళ్లాను, ఒక్క వానాకాలానికి అంచులు ఉబ్బి, పెయింట్ పగిలి, బెజ్జాలు మూసుకుపోతున్నాయి. హెచ్‌డీహెచ్‌ఎంఆర్ (తేమకు ఇంకాస్త తట్టుకునే గట్టి బోర్డు) కొంచెం నయం, అది కూడా వంటగదికే, వానకు కాదు. డబ్ల్యూపీసీ (కర్రపొడి, ప్లాస్టిక్ కలిపిన బోర్డు) నీళ్లకు తట్టుకుంటుంది గానీ పడమటి ఎండకు మెత్తబడి పొడవాటి ప్యానెళ్లు జారుతాయి, వంగుతాయి. బయటికైతే చేవ టేకు, లేదా లోహం. మధ్యలో ఏదీ నేను చెప్పను.

నా సలహా అడిగితే, మీకు కావలసింది కైరో గుండ్ల జాలీ కాదు, జెద్దా పలకలు. ఖర్చూ తక్కువ, పడమటి ఎండకూ అదే సరైనది. 60 మి.మీ. వెడల్పు టేకు పలకలు, ఒకదాని మీద ఒకటి నిలువునా 40 మి.మీ. ఎడంతో, బయటి అంచు కిందికి దిగేలా 45 డిగ్రీల వాలులో కూర్చండి. వాలులో ఒక్కో పలక 42 మి.మీ. ఎత్తు కప్పుతుంది, ఎడం 40 మాత్రమే, కాబట్టి అస్తమించే ఎండ కూడా నేరుగా లోపలికి రాదు, గాలి మాత్రం వస్తుంది. మీరు మేడ మీద ఉంటే వీధి మీకు కిందికి కనబడుతుంది, వీధిలోంచి పైకి చూసేవాళ్లకు మీ సీలింగ్ తప్ప ఏమీ కనబడదు. వాలు మార్చుకునేలా చేయిస్తే ఇంకా మంచిది, చలికాలం తెరుచుకోవచ్చు. కళ్ల ఎత్తుకు పైన, చూరు నీడ పడే చోట, ఒక వరస తరిణె పట్టిన జాలీ అందం కోసం పెట్టుకోండి, అక్కడి నుంచి వేడిగాలి బయటికి పోతుంది.

తరిణె పనికి ఎక్కడికో పోనక్కర్లేదు, మెట్ల రెయిలింగులకు, పట్టె మంచం కోళ్లకు లేత్ పట్టేవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. ఏటికొప్పాక వాళ్ల చేతి నైపుణ్యం అద్భుతం, కానీ వాళ్లు వాడే అంకుడు కర్ర మెత్తన, ఇంటి లోపల అలంకారానికే తప్ప ఎండా వానలకు నిలబడదు. ఎవరితో చేయించినా ముందు ఒక అడుగు చదరం నమూనా అడగండి, దాన్ని సాయంత్రం నాలుగున్నరకు బాల్కనీలో నిలబెట్టి వెనక నేల మీద ఎంత ఎండ పడుతుందో చూడండి. డబ్బు ఇచ్చేది ఆ తర్వాతే.

గుర్తుంచుకోవలసిన ఇంకొన్ని: పెట్టెలా బయటికి తేవాలంటే మున్సిపాలిటీ సెట్‌బ్యాక్ (హద్దు నుంచి వదలాల్సిన ఖాళీ) చూసుకోండి, కట్టాక కొట్టేయమంటే టెన్షన్. దోమలు జాలీకి ఆగవు, మెష్ పెడితే గాలి తగ్గుతుంది, కాబట్టి మెష్‌ను లోపలివైపు తీసి పెట్టుకునే ఫ్రేముకు బిగించండి. పావురాలున్న చోట పెట్టె నెత్తిన చదునుగా వదలకండి, వాలుగా చేయండి. దుమ్ము మాత్రం అనంతపురంలో తప్పదు, గుండ్ల మధ్య చేరిన దుమ్ముకు పొడవు కుచ్చు బ్రష్షే మందు, తడిగుడ్డ పెడితే బురదై అతుక్కుంటుంది. మామూలు ఇనుప స్క్రూలు వాడితే తుప్పు నీళ్లు కారి టేకు మీద నల్లటి చారలు పడతాయి. విశాఖలో సముద్రం ఎదురుగా చేసిన ఒక ఇంటికి నేను 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలే వాడాను. మీకు సముద్రం లేదు కాబట్టి 304 చాలు. మెరిసే పాలిష్ వద్దు, ఎండకు పొక్కులు లేస్తుంది, ఏడాదికోసారి నూనె పట్టించండి.

పొడిగాలి మీకు వరం, పాత కైరో వాళ్ల కూజా చిట్కా అనంతపురంలో ఏప్రిల్, మేలో పనిచేస్తుంది. పలకల వెనక కిందిపట్టెకు ఆనించకుండా, వేరే పీట మీద రెండు మూడు కూజాలు పెట్టండి (ఏసీ నీళ్ల కథ గుర్తుంది కదా). విశాఖలోనో మచిలీపట్నంలోనో ఉన్నవాళ్లు ఇది చదివి కూజాలు కొనకండి, తేమ గాలికి ఉపయోగం ఉండదు.

ఇంతకీ మన దగ్గర జాలీ లేదా అంటే ఉంది, కానీ అది వేరే దారి. అహ్మదాబాద్ సిదీ సయ్యద్ మసీదులో (1572-73) రాతి జాలీ, హైదరాబాద్‌లో సంతోష్‌నగర్ దగ్గర పైగా సమాధుల్లో గచ్చుతో, పాలరాయితో చేసిన జాలీ. అవి నిజంగానే చెక్కినవి, పోతపోసినవి. ఒకే పలకలో బెజ్జాలు వేస్తారు, కర్రలా ముక్కలు కూర్చడం కాదు. సీఎన్‌సీ వాళ్లు కోసేది నిజానికి ఈ రాతి జాలీకి దగ్గర, మందం ఒక్కటే తక్కువ. సెలవులకు వచ్చినప్పుడు పైగా సమాధులకు వెళ్లి జాలీ మందం మీద చెయ్యి పెట్టి చూడండి.

జెద్దాలోనే ఉన్నారు కాబట్టి ఈ వారాంతం సాయంత్రం బలద్‌కు ఇంకోసారి వెళ్లండి. రోషన్లను ఎదురుగా కాకుండా కింద నిలబడి పైకి, తర్వాత పక్కనుంచి చూడండి: పక్క ముఖాలకు ఏ పలకలు పెట్టారో, కిందిపట్టె ఎలా ఉందో, ఏ అంతస్తులో జాలీ దట్టంగా ఉందో తెలుస్తుంది. మీ బాల్కనీ వెడల్పు, ఎన్నో అంతస్తు, ఎదురుగా ఎంత దూరంలో ఏ భవనం ఉందో రాస్తే పలకల కొలతలు సరిచేసి చెప్తాను.